కప్పులు రాకపోయినా ఈ జట్టుకు జనం ఉంటారా? తేల్చుకోవడం ఎలా

2009లో జొహన్నెస్‌బర్గ్‌లో డెక్కన్ ఛార్జర్స్ 6 పరుగుల తేడాతో బెంగళూరును ఓడించి ఐపీఎల్ గెలిచింది. 2016లో సన్‌రైజర్స్ అదే బెంగళూరును, అదీ వాళ్ల చిన్నస్వామి స్టేడియంలోనే, 8 పరుగులతో ఓడించింది. 2022 మార్చిలో ఫుట్‌బాల్‌లో, గోవాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. అంటే మూడు ఫైనల్స్, మూడుసార్లూ గెలుపు మనదే. ఆ తర్వాత ఏమైందో చూడండి. డెక్కన్ ఛార్జర్స్ 2012లోనే రద్దయింది, హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది, ఓడిపోయిన బెంగళూరుకూ కేరళకూ మాత్రం దేశంలోనే గట్టి అభిమాన గణాలు తయారయ్యాయి.

కాబట్టి "ఇన్నేళ్లు గెలవకపోతే ఇక ఈ జట్టును ఎవరు చూస్తారు" అని ఎవరైనా వాదనకు దిగితే కప్పుల లెక్క తీయకండి, దాంతో ఏదీ తేలదు. నేను ఏ జట్టు గురించైనా వేరే సంగతులు చూస్తాను. అవేంటో, వాటిని ఏ వరసలో చూడాలో చెప్తాను, మీ జట్టుకు మీరే వేసి చూసుకోండి.

ముందుగా "పాపులారిటీ" అనే మాటను విడగొట్టండి. పేరు తెలిసినవాళ్లు వేరు, మ్యాచ్ చూసేవాళ్లు వేరు, డబ్బు పెట్టి టికెట్ కొని ఓడిపోతుందని తెలిసి కూడా వెళ్లేవాళ్లు వేరు. వెస్టిండీస్ క్రికెట్ పేరు మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇప్పటికీ పరిచయమే, రిచర్డ్స్ గురించి, మార్షల్ గురించి అడిగితే గంట మాట్లాడతారు. అదే వెస్టిండీస్ 2023 వన్డే ప్రపంచ కప్‌కు అర్హత కూడా సాధించలేకపోయింది, ఇక్కడ పదేళ్ల పిల్లాడికి ఆ జట్టులో ముగ్గురి పేర్లు చెప్పమంటే కష్టం. పేరు మిగిలింది, ఆదరణ కరిగింది. సోషల్ మీడియాలో ఫాలోవర్ల సంఖ్య ఈ మొదటి రకం లెక్క మాత్రమే, ఒకసారి ఫాలో కొట్టినవాళ్లు విసుగొచ్చినా తీసేయరు, అందుకే ఆ అంకెను పట్టుకుని ఏమీ తేల్చకండి.

తర్వాత గెలుపు లేని కరువు ఎంత పొడుగుందో సరిగ్గా కొలవండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు ఇంగ్లండ్ లీగ్ టైటిల్ కోసం 1990 నుంచి 2020 దాకా ఆగింది, వినడానికి ముప్పై ఏళ్లు, కానీ ఆ మధ్యలో 2005లో ఇస్తాంబుల్‌లో ఏసీ మిలాన్ మీద 3-0 వెనకబడి తేరుకుని యూరప్ కప్పు గెలిచింది. మాంచెస్టర్ యునైటెడ్‌కు 1967 తర్వాత మళ్లీ 1993 దాకా లీగ్ లేదు, అయితే 1968లో యూరోపియన్ కప్ వచ్చింది, తర్వాత ఎఫ్ఏ కప్పులు వచ్చాయి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ ఆఖరి సూపర్ బౌల్, అంటే ఆ లీగ్ ఫైనల్, 1996 జనవరిలో గెలిచింది, ఆ తర్వాత సూపర్ బౌల్‌కు ముందు మెట్టు దాకా కూడా ఒక్కసారీ వెళ్లలేదు. అలాగని ఏటా అట్టడుగున ఉందా అంటే అదీ లేదు, 2021, 2022, 2023 సీజన్లలో ఏటా 12 గెలుపులు, 5 ఓటములు, చివర్లో ప్లేఆఫ్స్‌లో నిరాశ. కాబట్టి మీరు కొలవాల్సింది కప్పు లేని ఏళ్లను కాదు, ఆశే లేని ఏళ్లను. డిసెంబర్‌లోనో ఏప్రిల్ మధ్యలోనో "ఈసారి కూడా అయిపోయింది" అని జనం టీవీ కట్టేసిన సీజన్లు వరసగా ఎన్ని ఉన్నాయో చూడండి. బెంగళూరు 2009, 2011, 2016లో ఫైనల్ దాకా వచ్చి ఓడింది. మధ్యలో 2017లో 49 పరుగులకు ఆలౌటైన రోజు కూడా ఉంది. అయినా ప్రతి మూడు నాలుగేళ్లకు ఒకసారి గుండె దడదడలాడే టెన్షన్ ఇచ్చింది కాబట్టే "ఈ సాల కప్ నమ్దే" (ఈసారి కప్పు మనదే) అనే నినాదం చావలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. జట్టుకు ఇల్లుందా, ఆ ఇంటికి వెళ్లే అలవాటు జనానికి ఉందా అన్నది చూడండి. దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోండి, ఎందుకంటే గెలవని జట్టును ఏళ్ల తరబడి నిలబెట్టేది ఎక్కువగా ఇదే.

షికాగో కబ్స్ అనే బేస్‌బాల్ జట్టు 1908లో గెలిచాక మళ్లీ 2016లో గెలిచింది. 108 ఏళ్లు! ఈ మధ్యలో జనం ఎలా మిగిలారు? రిగ్లీ ఫీల్డ్ అనే పాత మైదానం 1916 నుంచి వాళ్ల సొంతిల్లు, ఊరి మధ్యలో, ఇళ్ల పక్కనే. అక్కడ 1988 ఆగస్టు దాకా ఫ్లడ్‌లైట్లే లేవు, అన్నీ పగటి ఆటలే, వాటిని డబ్ల్యూజీఎన్ అనే స్థానిక టీవీ ఛానల్ ప్రసారం చేసేది, ఆ ఛానల్ తర్వాత కేబుల్ ద్వారా అమెరికా అంతా పాకింది. బడి వదిలి ఇంటికొచ్చిన పిల్లలకు టీవీ పెడితే కబ్స్ ఆట. గెలిచిందా ఓడిందా అన్నది తర్వాత, ఆ వేళకు ఆ జట్టు అక్కడ ఉండేది. కౌబాయ్స్‌కూ అలాంటిదే ఉంది, 1966 నుంచి థాంక్స్‌గివింగ్ పండగ రోజు వాళ్ల ఆట దాదాపు ప్రతి ఏడూ ఉంటుంది, ఇంట్లో బంధువులంతా చేరిన రోజున దేశమంతా ఒకే జట్టును చూడటం అన్నమాట. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మన తెలుగు కుటుంబాలు బోలెడున్నాయి, కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఉన్నది కూడా ఆ ఊళ్లోనే, అక్కడ పెరిగే మన పిల్లలకు ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచిన రోజు ఎలా ఉంటుందో తెలియదు, అయినా నక్షత్రం గుర్తున్న టోపీ కనబడని వీధి ఉండదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా డెక్కన్ ఛార్జర్స్‌ను పెట్టండి. 2009 టోర్నీ ఎన్నికల వల్ల మొత్తంగా దక్షిణాఫ్రికా వెళ్లింది, మనం గెలిచింది అక్కడ. ఛాంపియన్ హోదాలో సొంతగడ్డ మీద ఆడాల్సిన 2010లో తెలంగాణ ఉద్యమం కారణంగా మ్యాచ్‌లు హైదరాబాద్‌ను, విశాఖను వదిలి నాగ్‌పూర్, కటక్, నవీ ముంబై వెళ్లిపోయాయి. 2011 వేలం తర్వాత గిల్‌క్రిస్ట్ పంజాబ్‌లో, రోహిత్ శర్మ ముంబైలో, లక్ష్మణ్ కొచ్చిలో తేలారు. అంటే గెలిచిన వెంటనే రెండేళ్లలో ఇల్లు పోయింది, మొహాలు పోయాయి. ఆ తర్వాత యాజమాన్యం చేతిలో డబ్బుల్లేక జట్టే పోయింది. అది ఓడిపోయి మరుగున పడ్డ జట్టు కాదు, కప్పు చేతిలో ఉండగానే జనానికి దూరమైన జట్టు, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ జట్టుకు ఈ పరీక్ష పెట్టాలంటే గత పదేళ్లలో సొంత మైదానం ఎన్నిసార్లు మారింది, పేరు మారిందా, రంగు మారిందా, ఆట ఏ వేళకు వస్తుందో ఇంట్లో అందరికీ తెలుసా, ఈ నాలుగూ అడగండి. అన్నీ స్థిరంగా ఉంటే ఇరవై ఏళ్ల కరువును కూడా తట్టుకుంటుంది.

ఇక జనం వచ్చేది జట్టు కోసమా, ఒక మనిషి కోసమా? దీనికి జవాబు ఊహించి చెప్పక్కర్లేదు, ఆ మనిషి లేని రోజులను చూస్తే చాలు. మాంచెస్టర్ యునైటెడ్ 1974లో రెండో డివిజన్‌కు పడిపోయింది, చార్ల్‌టన్, లా, బెస్ట్ అనే ముగ్గురు స్టార్ ఆటగాళ్లూ అప్పటికే వెళ్లిపోయారు, అయినా ఆ 1974-75 సీజన్‌లో ఇంగ్లండ్ మొత్తంలో ఎక్కువ సగటు ప్రేక్షకులు వచ్చింది ఆ రెండో డివిజన్ జట్టుకే, మ్యాచ్‌కు 48 వేల పైచిలుకు. చెన్నై మీద నిషేధం పడి 2016, 2017లో ధోనీ పుణె జట్టుకు ఆడాడు, 2018లో చెన్నై తిరిగొచ్చాక కావేరీ గొడవతో మ్యాచ్‌లు పుణెకు మారితే అభిమానులు చెన్నై నుంచి ప్రత్యేక రైల్లో వెళ్లారు. అయితే ఆ రైలు జట్టు కోసం వెళ్లిందా, ధోనీ కోసం వెళ్లిందా? చెన్నై 2025లో పట్టికలో ఆఖరున నిలిచింది, స్టేడియాలు అయినా పసుపుగానే ఉన్నాయి, ధోనీ పూర్తిగా తప్పుకున్నాక రెండు సీజన్లు గడిస్తే గానీ దీన్ని తేల్చకూడదు. బెంగళూరుకూ ఇదే ప్రశ్న, 2008 నుంచి కోహ్లీ ఒకే జట్టుకు ఆడటం వాళ్లకు పెద్ద అదృష్టం, రేపు పెద్ద పరీక్ష కూడా. కాకపోతే 2024లో స్మృతి మంధాన నాయకత్వంలో మహిళల జట్టు కప్పు తెచ్చినప్పుడు ఆ ఊరు పండగ చేసుకున్న తీరు చూస్తే, అక్కడ ప్రేమ ఒక్క మనిషి దగ్గరే ఆగలేదని నా నమ్మకం. 2025 జూన్ 3న పురుషుల జట్టు కూడా గెలిచింది, మర్నాడు చిన్నస్వామి బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. పద్దెనిమిది సీజన్లు ఎదురుచూసిన జనం ఎంతమంది వస్తారో అంచనా వేయాల్సినవాళ్లు వేయలేదు. అంత అభిమానం ఉన్న జట్టుకు అంత బాధ్యతా ఉండాలి.

పిల్లల సంగతి చిన్న లెక్క. జట్టు ఆఖరిసారి గెలిచినప్పుడు పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు ఎన్నేళ్లో చూడండి. యునైటెడ్ ఆఖరి లీగ్ 2013, అప్పటి పదేళ్ల పిల్లాడికి 2025లో 22, ఇంకా కుర్రాడే, రేపు తన పిల్లలకు చెప్తాడు. వాడికి నలభై దాటినా ఏమీ రాకపోతే కథ మారుతుంది. ఇక్కడ ఇంకో ప్రశ్న కూడా కలపాలి: పిల్లలను లాక్కుపోవడానికి పక్కన ఇంకెవరైనా ఉన్నారా? మన హాకీకి జరిగింది అదే. 1928 నుంచి 1956 దాకా వరసగా ఆరు ఒలింపిక్ బంగారాలు, తర్వాత 1964లో, 1980లో. ఆ తర్వాత 2021లో టోక్యోలో కాంస్యం వచ్చేదాకా 41 ఏళ్లు ఒక్క పతకం లేదు. 1976 నుంచి ఒలింపిక్ హాకీ కృత్రిమ గడ్డి మీదికి మారింది, మన ఊళ్లలో అలాంటి మైదానాలు లేవు. సరిగ్గా అప్పుడే 1983లో కపిల్ దేవ్ జట్టు ప్రపంచ కప్ తెచ్చింది, ఇళ్లలోకి టీవీలు వచ్చాయి. ఓటమి ఒక్కటే అయితే హాకీ ఓర్చుకునేది, ఆడే చోటు పోయి, చూసే పిల్లలు వేరే ఆటకు వెళ్లిపోయాక ఎలా ఓర్చుకుంటుంది? కర్ణాటకలో బెంగళూరుకు అలాంటి పక్క పోటీ లేదు. మాంచెస్టర్‌లో ఉంది, అదే ఊరి మాంచెస్టర్ సిటీ జట్టు 2012 నుంచి గెలుస్తూనే ఉంది, అందుకే యునైటెడ్ విషయంలో నేను ప్రపంచం మొత్తాన్ని పక్కనపెట్టి ముందు మాంచెస్టర్ బడిపిల్లల చొక్కాలే చూడమంటాను.

అభిమానుల కోపాన్ని చూసి కంగారుపడకండి, అది మంచి లక్షణం. కేరళ బ్లాస్టర్స్‌ను 2016లో సచిన్‌తో పాటు నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ కలిసి తీసుకున్నారు, 2014, 2016, 2022 మూడు ఫైనల్సూ ఓడింది, 2024-25లో మంజప్పడ అనే వాళ్ల అభిమాన సంఘం వాళ్లు యాజమాన్యం మీదే నిరసనకు దిగారు. 2021 మేలో యునైటెడ్ ఫ్యాన్స్ యజమానులకు వ్యతిరేకంగా మైదానంలోకి చొచ్చుకొస్తే లివర్‌పూల్‌తో మ్యాచ్ వాయిదా పడింది. తిట్టేవాడు ఇంకా వదులుకోలేదన్నట్టే. టికెట్ కొనడం మానేసి, మాట్లాడటం కూడా మానేస్తే అప్పుడు భయపడాలి.

ఇవన్నీ సన్‌రైజర్స్‌కు వేసి చూస్తే నాకు కనబడేది ఇది. 2013 నుంచి ఒకటే పేరు, ప్రధానంగా ఒకటే ఇల్లు, ఉప్పల్. 2016 కప్పు, 2024 ఫైనల్, అంటే ఆశ ఉంది. 2021లో వార్నర్‌ను పక్కనపెట్టిన తీరు చాలామందికి నచ్చలేదు, అయినా జట్టు కోలుకుంది, అంటే ఒక్క మనిషి మీద ఆధారపడలేదు. ఇబ్బంది ఉన్నది ఇంటి ప్రశ్నలోనే. చెన్నై వచ్చిన రోజు ఉప్పల్ సగం పసుపు. విశాఖ 2024లో, 2025లో ఢిల్లీ క్యాపిటల్స్‌కు రెండో సొంత మైదానం, 2025 మార్చి 30న అక్కడ సన్‌రైజర్స్ ఆడింది కూడా బయటి జట్టుగానే, ఆ జట్టులో నితీశ్ కుమార్ రెడ్డి విశాఖ కుర్రాడే అయినా. కరువు వస్తే తట్టుకోవాలంటే సన్‌రైజర్స్ ముందు విశాఖలో ఏటా రెండు మ్యాచ్‌లు సొంత జట్టుగా ఆడాలి, పిల్లలకు తక్కువ ధరకు టికెట్లివ్వాలి. మీరు ఉప్పల్ వెళ్తే వరసగా మూడు ఓడిన తర్వాత వచ్చే మ్యాచ్‌కు వెళ్లండి, పెద్ద జట్టేదీ ఎదురుగా లేని రోజు చూసుకుని. నారింజ చొక్కాల్లో పన్నెండేళ్ల లోపు వాళ్లు ఎంతమంది ఉన్నారో చూడండి, వాళ్లను ఎవరు తీసుకొచ్చారో అడగండి.