చీటీ లేదని వెనక్కి పంపిన స్కాన్

మెట్లు దిగుతుంటే కుడి మోకాలు పట్టేస్తోంది. డాక్టర్ అపాయింట్‌మెంట్ పది రోజుల తర్వాత. ఈలోగా ఎంఆర్ఐ (బలమైన అయస్కాంతంతో తీసే స్కాన్) తీయించుకుందామని హైదరాబాద్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌కు వెళ్తే డాక్టర్ రాసిన చీటీ లేనిదే కుదరదన్నారు. కోపం వచ్చింది కానీ, ఏ భాగం తీయాలో, స్కాన్ స్పష్టంగా కనిపించేందుకు కాంట్రాస్ట్ మందు ఎక్కించాలో వద్దో వాళ్లకూ తెలియాలి కదా.

ఇంటికి వచ్చి వీడియో కాల్‌లో మరో ఎముకల డాక్టర్‌తో మాట్లాడాను. కుర్చీలోంచి లేచి నడవమన్నారు, ఎక్కడ నొక్కితే నొప్పో అడిగారు. ‘కుడి మోకాలు, కాంట్రాస్ట్ అవసరం లేదు’ అని ఫోనుకే చీటీ పంపారు. అదే సెంటర్‌లో మర్నాటికి సమయం ఇచ్చారు.

ఉంగరం, వాచీ తీసి లోపలికి వెళ్లబోతే టెక్నీషియన్ ఆపి, మొలతాడు సంగతి అడిగాడు. దానికి అమ్మ కట్టిన లోహపు తాయెత్తు! ముడి ఊడక కత్తెర తెప్పించాల్సి వచ్చింది.

రిపోర్టుతో పాటు సీడీ కూడా అడిగి తీసుకున్నాను.