కూడలి సిగ్నల్‌కు టైమింగ్ పెట్టడం ఎలా?

ముందు రద్దీ వేళ ప్రతి ఫేజ్‌లో, అంటే ఒకేసారి పచ్చలైటు పడే దారుల వంతులో, ఎక్కువ బళ్లుండే లేన్‌లో గంటకు ఎన్ని బళ్లు వస్తాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను లేన్ సామర్థ్యంతో (పచ్చలైటు ఆగకుండా వెలిగితే గంటకు వెళ్లగల బళ్లతో) భాగించి, అన్ని ఫేజ్‌లవీ కూడితే వచ్చేది వై. లైట్లు మారేటప్పుడు వృథా అయ్యే మొత్తం సెకన్లు ఎల్. అన్ని ఫేజ్‌లూ ఒక చుట్టు తిరిగే సమయం సైకిల్. దానికి ట్రాఫిక్ నిపుణుడు వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రం ఇదీ: సైకిల్ = (1.5 × ఎల్ + 5) ÷ (1 − వై). ఎల్ 12, వై 0.7 అయితే దాదాపు 77 సెకన్లు. క్యూ పెరిగిందని దీన్ని 180కి లాగేస్తుంటారు. అప్పుడు ఆగిన ఇంజన్లు పొగ కక్కుతూనే ఉంటాయి, విసిగిన పాదచారులు ఎరుపులోనే దాటేస్తారు.

పసుపు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. గంటకు 50 కి.మీ. వేగానికి 3.3 సెకన్లు కావాలి. ఆపైన అన్నివైపులా ఎరుపు, 2 సెకన్లు.

తర్వాతి సిగ్నల్ 400 మీటర్లలో ఉంటే, 40 కి.మీ. వేగానికి అక్కడ పచ్చలైటు 36 సెకన్లు ఆలస్యంగా వెలగాలి.

కౌంట్‌డౌన్ టైమర్ ఉంటే ఇంజన్ ఆపడం తేలికే. కానీ 3 అంకె కనపడగానే బైకులు దూసుకెళ్తాయి, అందుకే ఎరుపులో చివరి 5 సెకన్లు అంకెలు చూపకండి.