గూగుల్ యాడ్స్‌లో కొత్తవాళ్ల డబ్బు ఎక్కడ పోతుంది?

ఎక్కువగా పోయేది కీవర్డ్ దగ్గరే, అంటే జనం ఏం వెతికితే మీ యాడ్ రావాలో మీరు రాసిచ్చే మాట దగ్గర. మ్యాచ్ టైప్ (జనం వెతికేది మీ కీవర్డ్‌కి ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే సెట్టింగ్) మార్చకపోతే అది బ్రాడ్ మ్యాచ్‌గానే ఉండిపోతుంది, అంటే మీరు ‘లెదర్ షూస్’ అని పెడితే షూస్‌కి పాలిష్ ఎలా వేయాలో వెతికేవాళ్లకి కూడా మీ యాడ్ కనిపించొచ్చు, వాళ్లు నొక్కితే బిల్లు మీకే. మొదట్లో ఫ్రేజ్ (వెతికేదాంట్లో మీ కీవర్డ్ అర్థం ఉండాలి) లేదా ఎగ్జాక్ట్ (అచ్చంగా అదే అర్థం ఉండాలి) మ్యాచ్‌తో వెళ్లండి. రెండు మూడు రోజులకోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం ఏం వెతికితే మీ యాడ్ వచ్చిందో చూపే లిస్టు) తెరిచి ‘ఫ్రీ’, ‘రిపేర్’ లాంటి మీకు పనికిరాని మాటల్ని నెగటివ్ కీవర్డ్స్‌లో పడేయండి, ఇక ఆ మాటలతో వెతికేవాళ్లకి మీ యాడ్ రాదు. ఈ రిపోర్ట్ చూడకుండానే బడ్జెట్ పెంచేవాళ్లని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

డిస్‌ప్లే నెట్‌వర్క్ (గూగుల్ సెర్చ్‌లో కాకుండా వేరే వెబ్‌సైట్లలో, యాప్‌లలో యాడ్ చూపించేది) టిక్ తీసేయండి. కన్వర్షన్ ట్రాకింగ్ (యాడ్ నొక్కినవాళ్లలో ఎంతమంది కొన్నారో లెక్కపెట్టేది) పెట్టాకే యాడ్ ఆన్ చేయండి.

ఒక్కోరోజు మీరు పెట్టిన బడ్జెట్‌కి రెండింతల దాకా ఖర్చయిపోవచ్చు, టెన్షన్ పడి యాడ్ ఆపేయకండి, నెల మొత్తమ్మీద రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు మించి వసూలు చేయరు.