బ్రిటన్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు: ఎంవోటీ చరిత్ర చదవవలసిన తీరు

చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వచ్చిన మనవాళ్లలో చాలామంది సెప్టెంబరులో దిగి, రెండు నెలలు బస్సులతో నెట్టుకొచ్చి, చలి ముదిరే వేళకు రెండు మూడు వేల పౌండ్లలో ఒక పాత కారు వెతుక్కుంటారు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఆ రోజుల్లో, పిల్లలతోనో రాత్రి షిఫ్టుతోనో అవస్థ పడుతున్నప్పుడు, అమ్మేవారు "ఎంవోటీ పాసయింది, ఇంకా పదకొండు నెలలుంది" అని, అంటే ఏటా జరిగే భద్రతా పరీక్ష నెగ్గిందని, చెప్పగానే అదే పెద్ద హామీలా వినిపిస్తుంది. నా మొదటి కారు నేనూ ఆ ఒక్క మాట మీదే కొన్నాను. మరుసటి ఏడాది పరీక్షలో వెనక బ్రేకు పైపులు, కింది అంచు రేకులు తుప్పుతో పనికిరాకుండా పోయాయని తేలింది. మరమ్మతుకు అడిగిన సొమ్ము కారు ఖరీదులో సగం దాటింది. ఇంటికొచ్చి పాత రికార్డు తీసి చూస్తే, అదే తుప్పు గురించి వరుసగా మూడేళ్లు హెచ్చరిక రాసి ఉంది. కొనకముందు అయిదు నిమిషాలు కేటాయించి ఉంటే నాకు కనిపించవలసిన సంగతి అది.

ఎంవోటీ అంటే మూడేళ్లు నిండిన కారుకు ఏటా చేయించవలసిన భద్రతా పరీక్ష. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం ఆ గడువు నాలుగేళ్లు. పాసయిన కారు అంటే, పరీక్ష జరిగిన ఆ రోజున, ఏ భాగాన్నీ విప్పకుండా చూసినంతలో, బ్రేకులు, టైర్లు, స్టీరింగు, లైట్లు, సస్పెన్షన్, పొగ వంటివి చట్టం కోరిన కనీస స్థాయిలో ఉన్నాయని మాత్రమే అర్థం. ఇంజను, క్లచ్, గేర్‌బాక్స్ ఏ స్థితిలో ఉన్నాయన్నది ఆ పరీక్షలో భాగం కానే కాదు. అందుచేత చివరి పాసు కాగితం ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకూడదు. కారు పుట్టిన నాటినుంచి జరిగిన పరీక్షలన్నిటినీ ఒక వరుసలో చదివితేనే దాన్ని ఎలా చూసుకున్నారో బోధపడుతుంది.

ఆ వరుస దొరకడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రభుత్వ వెబ్‌సైటులో ఎంవోటీ చరిత్ర చూసే పేజీలో నంబరు ప్లేటు మీది నంబరు కొడితే చాలు, రుసుము లేకుండా రికార్డంతా వస్తుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 2005 నుంచి జరిగిన పరీక్షలు అందులో ఉంటాయి. ప్రకటన ఫొటోలో ప్లేటు కనిపిస్తుంటే రైలు టికెట్టు కొనకముందే, ఇంట్లో కూర్చునే ఈ పని ముగించవచ్చు. ప్లేటును చెరిపేసి ఫొటో పెట్టినవారిని నంబరు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే ఆ కారు జోలికి పోకండి.

ముందుగా ఒక కాగితం మీద తేదీలు ఒక వైపు, మైళ్లు ఒక వైపు రాసుకోండి. మన వైపు మైలేజ్ అంటే లీటరుకు ఎంత ఇస్తుందన్న లెక్క, ఇక్కడ మాత్రం ఆ మాటకు బండి మొత్తం తిరిగిన దూరమని అర్థం. ఆ మధ్య ఒక కుర్రాడి కోసం చూసిన కారు రికార్డులో 2017లో 41 వేలు, 2018లో 53 వేలు, 2019లో 64 వేలు ఉండి, ఆ తరవాతి పరీక్షలో 47 వేలు కనిపించింది. ఇలా తగ్గినంతమాత్రాన మోసమని తేల్చేయకూడదు, ఎందుకంటే అంకెలను రికార్డులోకి ఎక్కించేది మనిషే, పొరపాటు పడవచ్చు. మైళ్ల బదులు కిలోమీటర్లు నమోదైన సందర్భాలూ ఉంటాయి. తేడా తెలియాలంటే తరవాతి ఏళ్లు చూడాలి. ఒక్క ఏడాది అంకె తప్పి, మరుసటి ఏటికి మళ్లీ పాత వరుసలోకి వస్తే అది రాతలో జరిగిన తప్పు. తగ్గిన అంకె నుంచే లెక్క ముందుకు సాగితే మీటరు వెనక్కి తిప్పారనో, మీటరు పెట్టె మార్చారనో అనుమానించాలి. ఆ కుర్రాడి కారులో తరవాత 52, 58 వేలని నడిచింది. అమ్మేవారి దగ్గర దానికి కాగితమేదీ లేదు, మేము కొనలేదు.

పరీక్షకూ పరీక్షకూ మధ్య ఎక్కువ ఎడం ఉంటే కారణం అడగాలి. కారును రోడ్డెక్కించకుండా నిలిపి ఉంచామని ప్రభుత్వానికి తెలియజేసి ఉండవచ్చు, లేదా పెద్ద దెబ్బ తిని మూలపడి ఉండవచ్చు. 2020లో కనిపించే ఎడానికి మాత్రం బెంగపడనక్కరలేదు: ఆ ఏడాది మార్చి 30 నుంచి గడువు తీరవలసిన కార్లకు కొవిడ్ కారణంగా ఆరు నెలలు పొడిగింపు ఇచ్చారు, ఆగస్టు 1 నుంచి మళ్లీ పరీక్ష తప్పనిసరి అయింది.

ఇక లోపాల సంగతి. 2018 మే 20 నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని మూడు తరగతులుగా నమోదు చేస్తున్నారు. మొదటి రెండిటిలో ఏది ఉన్నా కారు ఫెయిలవుతుంది. ప్రమాదకరమన్నది ఉంటే బాగుచేయించేదాకా నడపకూడదు. వీటితోపాటు అడ్వైజరీ అని మరొకటి ఉంటుంది. ఇప్పటికి ఫరవాలేదు కాని కనిపెట్టి ఉండమని పరీక్షించినవారు రాసే మాట అది. మనవాళ్లు ఫెయిలన్న ఎర్ర మాట చూసి బెదిరి, అడ్వైజరీలను చదవకుండా దాటేస్తారు. నా అనుభవంలో చేయవలసింది సరిగ్గా దానికి తలకిందులు. బల్బు పోయిందనో బ్రేకు ప్యాడ్లు అరిగాయనో ఫెయిలయి, రెండు రోజుల్లో బాగుచేయించుకుని పాసయిన కారంటే దానిమీద ఎవరో డబ్బు ఖర్చు పెట్టారన్నమాట. ఒక్కసారి కూడా ఫెయిలవకుండా, అదే టైరు గురించి, అదే సస్పెన్షన్ బుష్ గురించి, అదే పైపు గురించి నాలుగేళ్లు ఒకే అడ్వైజరీ మోసుకొచ్చిన కారంటే, ఆ ఖర్చంతా కొనబోయేవారికోసం దాచి ఉంచారని అనుకోవాలి. ఇంజను కింద ప్లాస్టిక్ మూతలు అడ్డుగా ఉండి కొన్ని భాగాలు కనిపించలేదన్న అడ్వైజరీ మాత్రం చాలా కార్లకు మామూలుగా ఉండేదే, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

అడ్వైజరీలన్నిటిలో నేను ముందు వెతికేది తుప్పు. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి ఇనుప గేట్లు ఎలా తినేసుకుపోతాయో చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడ చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు ఏడాదికేడాది కారు అడుగుభాగాన పట్టి ఉంటాయి. బ్రేకు పైపుల మీద, తలుపుల కింది అంచు రేకుల మీద, సస్పెన్షన్ బిగించే చోట్ల తుప్పు ఉందని రాశారంటే, బయటి పెయింటు ఎంత తళతళలాడినా ధర తగ్గించమనడం కాదు, వెనక్కి వచ్చేయడమే మేలు. అడుగున కొత్తగా నల్లటి పూత కనిపిస్తే అది రక్షణకు వేసిందో, తుప్పు మూయడానికి వేసిందో పాత అడ్వైజరీలు చెబుతాయి. నిరుడు తుప్పని రాసి, ఈ ఏడు పూత మెరుస్తూ ఉండి, మధ్యలో వెల్డింగు బిల్లు లేదంటే అనుమానించవలసిందే.

అమ్మకానికి వారం ముందు చేయించిన పరీక్షను ప్రత్యేకంగా చూడండి. నిరుటి అడ్వైజరీలు అయిదారు ఉండి, ఈ వారం పరీక్షలో ఒక్కటీ లేకపోతే వాటిని బాగుచేసిన బిల్లులు చూపించమనండి. కారు నమోదు పత్రమైన వి5సి మీదున్న 11 అంకెల నంబరు ఉంటే ఏ గ్యారేజీలో పరీక్ష జరిగిందో కూడా ఆ వెబ్‌సైటులోనే తెలుస్తుంది.

ఈ చరిత్రలో కనిపించనివీ ఉన్నాయి. కారు మీద తీరని ఫైనాన్స్ ఉందా, బీమా కంపెనీ దాన్ని క్యాట్ ఎస్ (చట్రం దెబ్బతిన్నది) గానో క్యాట్ ఎన్ (చట్రం కాక మరేదో దెబ్బతిన్నది) గానో లెక్కగట్టి, బాగుచేయించడం దండగని పక్కన పెట్టేసిందా అన్నవి డబ్బు కట్టి చేయించుకునే విడి తనిఖీలో చూసుకోవాలి. వి5సిలో ఉండేది కారు ఎవరి పేర నమోదైందన్న వివరం మాత్రమే, యాజమాన్యానికి అది రుజువు కాదని ఆ పత్రం మీదే ముద్రించి ఉంటుంది. టైమింగ్ బెల్టు మార్చారా లేదా అన్నది సర్వీసు బిల్లుల్లో వెతకాలి. డీలరు దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద, లోపమున్న కారును 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేసే హక్కుంటుంది. వ్యక్తి దగ్గర కొన్నప్పుడు ఆ రక్షణ లేదు కనుక, చరిత్ర మరింత శ్రద్ధగా చదవాలి.

చూడడానికి పగటిపూట, వాన లేని రోజున వెళ్లండి. రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లి, ముందు అద్దం అడుగున ఉండే చాసిస్ నంబరును వి5సితోనూ, ఇప్పటి మీటరు అంకెను చివరి పరీక్ష అంకెతోనూ సరిపోల్చండి. అన్నీ కుదిరి డబ్బిచ్చాక, పాత యజమాని కట్టిన రోడ్ ట్యాక్స్ మీకు రాదని గుర్తుంచుకోండి. 2014 అక్టోబరు 1 నుంచి ఇదే నియమం. వి5సి నుంచి చింపి ఇచ్చే ఆకుపచ్చ చీటీ మీది 12 అంకెల నంబరుతో అక్కడే ఫోనులో ట్యాక్స్ కట్టి, మీ పేర బీమా మొదలైందని చూసుకున్నాకే తాళం తిప్పండి.