భవనాన్ని చదవడం – 4: సెక్షన్

కిందటి పాఠంలో ప్లాన్ చదివాం. ఏ గది పక్కన ఏ గది ఉందో ప్లాన్ చెబుతుంది కానీ, ఏ గది మీద ఏముందో చెప్పదు. అందుకు సెక్షన్ కావాలి. భవనాన్ని నిలువునా కోసి, ఒక సగాన్ని పక్కకు తీసేసి, మిగిలిన సగానికి ఎదురుగా నిలబడి గీసే బొమ్మ అది. నియమం ఒక్కటే: కత్తి తగిలిన గోడలూ స్లాబులూ మందపు గీత, వెనుక కనిపించేవి సన్న గీత.

సాధనకు స్కాట్లాండ్‌లో గ్లాస్గోకు వాయవ్యాన, కార్డ్రాస్ ఊరి దగ్గరి అడవిలో ఉన్న సెయింట్ పీటర్స్ సెమినరీని తీసుకుందాం. కతోలిక గురువులను, అంటే చర్చిలో పూజ జరిపించే ఫాదర్లను, తయారుచేయడానికి కట్టిన విద్యాలయం, 1966లో తెరిచారు. గిలెస్పీ, కిడ్ అండ్ కోయా సంస్థలో పనిచేసిన ఇసి మెట్జ్‌స్టీన్, ఆండీ మెక్‌మిలన్ దీని రూపకర్తలు. మెట్జ్‌స్టీన్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. నాజీల నుంచి తప్పించి బ్రిటన్‌కు చేర్చిన పిల్లల్లో ఒకడు. ఆధునిక వాస్తుశిల్పి ల కార్బూజియే ప్రభావం ఈ కాంక్రీటులో దాగదు.

ప్రధాన బ్లాకును అడ్డంగా కోద్దాం. ముందు నేల గీత. దాని మీద వెడల్పైన హాలు: ఒక కొసన కోస్తే ప్రార్థనాలయం, మరో కొసన కోస్తే భోజనశాల. హాలుకు రెండు వైపులా పై అంతస్తుల్లో విద్యార్థుల గదులు. ఇక్కడ తొందరపడకండి. ఒక్కో అంతస్తూ కిందిదానికన్నా కాస్త లోపలికి జరుగుతుంది కాబట్టి మధ్య ఖాళీ పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. గదుల ముందరి నడవాలు ఆ ఖాళీలోకే తెరుచుకుంటాయి. నడవాలో ఒక మనిషి బొమ్మ పెట్టి, అతని కంటి నుంచి కిందికి చుక్కల గీత గీయండి. తలుపు తీసి బయటికొస్తే చూపు ఉమ్మడి జీవితం మీదే పడుతుంది. నిద్ర, ప్రార్థన, భోజనం ఒకే కప్పు కింద! ప్లాన్ ఎంతసేపు చూసినా ఇది దొరకదు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఈ సెక్షన్ ఒకే దినచర్యకు కొలిచి కుట్టింది. సుమారు వందమంది కోసం కట్టినా ఏనాడూ నిండలేదు. 1962–65లో కతోలిక చర్చి పెద్దలు జరిపిన రెండవ వాటికన్ మహాసభ తరువాత గురువుల శిక్షణ జనం మధ్య జరగాలన్న ఆలోచన బలపడింది. 1980లో సెమినరీ మూతపడింది. అందుకు కప్పు నుంచి నీళ్లు కారడాన్నే చాలామంది తప్పుపడతారు. కారిన కప్పును బాగుచేయవచ్చు గానీ, ఇలాంటి సెక్షన్‌ను ఇంకో పనికి ఒప్పించడం కష్టం. కొంతకాలం మాదకద్రవ్యాల బాధితుల కేంద్రంగా వాడి చూశారు, నిలవలేదు. 1992లో అత్యున్నతమైన ‘ఎ’ శ్రేణి వారసత్వ రక్షణ ఇచ్చారు. శిథిలం కావడం మాత్రం ఆగలేదు. 2020లో గ్లాస్గో కతోలిక అగ్రపీఠం (ఆ ప్రాంతపు చర్చి పాలన) దాన్ని ఒక ట్రస్టుకు అప్పగించింది.

అభ్యాసం: మీరు చదివిన బడికి మెట్ల మీదుగా సెక్షన్ గీయండి. కొత్తవాళ్లు స్లాబు మందం మరిచిపోయి ఒంటి గీతతో సరిపెడతారు. అలా చేయకండి, మనిషి బొమ్మనూ వదలకండి.

పాఠం 5లో ఇదే సెమినరీ తరగతి గదుల బ్లాకు: ఆధారం లేకుండా అంత ముందుకు చొచ్చుకొచ్చిన కాంటిలివర్ బరువు ఎటు పోతుందో గీద్దాం.