డజన్ వాడటం ఎలా: ఎస్ గొడవ, పైసల లెక్క, పదమూడో రొట్టె

అరటిపళ్ళ బండి దగ్గర "డజనెంత?" అని అడగడం ఎవరూ మనకి నేర్పక్కర్లేదు. అదే మాట ఇంగ్లీషులో రాయాల్సి వస్తే మాత్రం తేడా కొట్టేస్తుంది, ఎందుకంటే తెలుగులో "రెండు డజన్ల గాజులు" అని హాయిగా బహువచనం పెట్టేస్తాం, ఆ అలవాటులోనే "టూ డజన్స్ ఆఫ్ బ్యాంగిల్స్" అని టైప్ చేసేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే రాశాను. ఎవరూ ఏమీ అనలేదు, అది వేరే సంగతి.

ముందు ఆ గొడవ తేల్చేద్దాం. డజన్ ముందు అంకె ఉంటే ఎస్ వద్దు, ఆఫ్ కూడా వద్దు: "టూ డజన్ బ్యాంగిల్స్", "హాఫ్ ఎ డజన్ పెన్స్". అంకె లేకుండా ఊరికే బోలెడన్ని అని చెప్పాలంటే రెండూ కావాలి: "డజన్స్ ఆఫ్ పీపుల్". తెలుగులో "డజన్ల కొద్దీ" అనగలిగిన చోటే ఇంగ్లీషులో ఎస్ వస్తుందని గుర్తు పెట్టుకోండి, చాలు. ఒక్క మెలిక ఉంది. "వీటిలో రెండు డజన్లు" అనాల్సి వస్తే ఆఫ్ తిరిగొస్తుంది, "టూ డజన్ ఆఫ్ దీజ్" అని. ఎస్ అప్పుడూ రాదు.

ఇక మాట పుట్టుక. లాటిన్‌లో డువో అంటే రెండు, డెకెమ్ అంటే పది, రెండూ కలిస్తే డువోడెకిమ్. ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి అది "దూజ్" అయింది, దానికో తోక తగిలిస్తే "దూజెన్", అంటే పన్నెండింటి కట్ట. ఇంగ్లీషువాళ్ళు దాన్నే పట్టుకుని డజన్ చేసుకున్నారు. ఇప్పుడు ద్వాదశిని విడదీయండి: ద్వా, దశ. డువో, డెకెమ్ పక్కన పెట్టి చూడండి. సంస్కృతం, లాటిన్ ఒకే భాషా కుటుంబం కాబట్టి ఏకాదశి మర్నాడు వచ్చే ద్వాదశికీ బండి మీది డజనుకీ చుట్టరికం ఉందన్నమాట! మన పన్నెండుది మాత్రం వేరే ఇల్లు, పదీ రెండూ కలిసి అయిన అచ్చ తెలుగు మాట.

చక్కగా పది ఉండగా పన్నెండెందుకు అంటారా? పది పళ్ళు ముగ్గురు పిల్లలకి పంచి చూడండి, తగువు ఖాయం. పన్నెండైతే ఇద్దరికీ, ముగ్గురికీ, నలుగురికీ, ఆరుగురికీ సరిపోతుంది. లెక్కపెట్టడానికి ఒక్క చెయ్యి చాలు: బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులు తాకుతూ వెళ్ళండి, వేలికి మూడు చొప్పున పన్నెండు.

నాకు అన్నిటికన్నా నచ్చేది పాత డబ్బుల కిటుకు. అప్పట్లో అణాకి 12 పైలు. అంటే డజను 3 అణాలైతే ఒక్కోటి 3 పైలు, 5 అణాలైతే 5 పైలు, లెక్కే లేదు, అంకె అదే, నాణెం పేరు మారుతుంది అంతే! ఇంగ్లండులో షిల్లింగుకి 12 పెన్నీలు కాబట్టి అక్కడా ఇదే సుఖం. మనకి 1957లో, వాళ్ళకి 1971లో వందల లెక్క వచ్చి ఆ సుఖం పోయింది. ఇప్పుడు డజను 70 అంటే విడిగా ఎంత పడుతుందో చెప్పడానికి ఫోన్ తియ్యాలి.

బేకర్స్ డజన్ అంటే 13. ఇంగ్లండులో 13వ శతాబ్దం నుంచీ రొట్టె తూకం తగ్గితే శిక్షలుండేవి, అందుకని భయపడి రొట్టెలవాళ్ళు డజనుకి ఒకటి అదనంగా ఇచ్చేవారని చెప్తారు. మనం దాన్ని కొసరు అంటాం, కాకపోతే మనకి అది అడిగితేగానీ రాదు.

టోకు కొట్టులో గ్రోస్ అని వినపడితే కంగారు పడకండి, డజను డజన్లు, 144. పెన్సిళ్ళు, గుండీల్లాంటివాటికి ఇదే లెక్క.

మాటల్లో వాడాలంటే "సిక్స్ ఆఫ్ వన్ అండ్ హాఫ్ ఎ డజన్ ఆఫ్ ది అదర్" ఉంది, మన "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి" లాంటిదే, రెండింటికీ తేడా లేదని. గుక్క తిప్పుకోకుండా వాగేవాళ్ళని "టాకింగ్ నైన్టీన్ టు ది డజన్" అంటారు. ఇది బ్రిటిష్ వాడుక, అమెరికాలో మీ మేనేజర్‌కి అర్థం కాకపోవచ్చు.

చివరగా గుడ్ల ట్రే. అందులో 30 ఉంటాయి కదా, ఇంగ్లీషులో అది "టూ అండ్ ఎ హాఫ్ డజన్ ఎగ్స్". ఎస్ గుడ్లకే.