పాత కార్లలో హబ్‌కి పట్టేసిన బ్రేక్ డిస్క్: గుర్తించడం, ఊడదీయడం, కొత్తది కూర్చోబెట్టడం

విశాఖలో కారు బతుకంతా ఉప్పుగాలిలోనే. పెదవాల్తేరులోనో, బీచ్ రోడ్డు పక్కనో, భీమిలి దారిలోనో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన కారులో డిస్క్‌కీ (బ్రేకు ప్యాడ్లు పట్టి ఆపే గుండ్రటి ఇనుప పళ్లెం) హబ్‌కీ (డిస్క్, చక్రం కూర్చునే నడిమి భాగం) మధ్య తుప్పు పొర కడుతుంది. ఇనుము తుప్పుగా మారితే మునుపటికంటే ఎక్కువ చోటు కావాలి. చోటు లేని సందులో అది రెండింటినీ బిగదీసి పట్టేస్తుంది. గంట పని అనుకుని ఆటోనగర్‌లో వదిలిన కారు సాయంత్రం దాకా జాకీ మీదే ఉండిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

బ్రేకు నొక్కితే స్టీరింగ్ ఊగుతోంది

60–80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు నొక్కినప్పుడే స్టీరింగ్ కొట్టుకుని, పెడల్ కాలి కింద ఎగసిపడుతుంటే ముందు డిస్కుల్ని అనుమానించాలి. బ్రేకు నొక్కకపోయినా ఊగుతుంటే అది టైర్ల బ్యాలెన్సింగ్ సంగతి, డిస్కుల మీద డబ్బు పెట్టకండి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు కింద అదురు తెలిస్తే వెనక డ్రమ్ములు గుండ్రం తప్పి ఉంటాయి. వాన పడిన మర్నాడు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమని ఆగిపోయేది పైపై తుప్పు. దానికి రిపేరు అక్కర్లేదు.

అందరూ “డిస్క్ వంగింది” అంటారు గానీ, నిజంగా వంగడం అరుదు. చుట్టూ మందం ఒకేలా ఉండదు, అంతే. 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, పెడల్‌కి తెలిసిపోతుంది. మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల కొలవండి. చాలా డిస్కుల మీద కనీస మందం అంకె అచ్చుపోసి ఉంటుంది. కొలత దానికి దగ్గరపడితే లేత్ పట్టించడం దండగ, కొత్తవే వేయాలి. ఒక పక్కే మార్చకూడదు. రెండు డిస్కులూ, నాలుగు ప్యాడ్లూ ఒకేసారి మారాలి.

నట్లన్నీ తీసినా చక్రం రావడం లేదు

అల్లాయ్ వీల్స్ ఉన్న కార్లలో ఇది మామూలే. అల్యూమినియం, ఇనుము ఉప్పు తడిలో ఆనుకుని ఉంటే ఆ అంచున తెల్లటి బూజులాంటి పొర ఏర్పడి పట్టేస్తుంది. కారు స్టాండ్ల మీద ఉండగా టైరు లోపలి వైపు నుంచి చెక్క దుంగతో కొట్టండి, ఒక దెబ్బ పైన, ఒక దెబ్బ కింద. కారు జాకీ మీద మాత్రమే ఉంటే ఒక్క దెబ్బ కూడా వేయొద్దు. ఇటుకల మీద నిలిపితే అసలే వద్దు.

డిస్క్ కదలడం లేదు

క్యాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీద నొక్కే భాగం), దాని బ్రాకెట్ విప్పి పక్కకు తీయండి. క్యాలిపర్‌ని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకి కట్టండి. పాత హోండా సిటీ లాంటి కార్లలో డిస్క్‌ని పట్టుకుని రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది, ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి తిప్పాలి. అప్పటికే తల పోయిందా, డ్రిల్‌తో తల ఎగరగొట్టండి. నడిచేటప్పుడు డిస్క్‌ని నొక్కిపట్టేవి వీల్ నట్లే కాబట్టి ఆ స్క్రూ లేకపోయినా ప్రమాదం లేదు.

తర్వాత నడిమి బెజ్జం చుట్టూ, స్టడ్ల (వీల్ నట్లు ఎక్కే బోల్టులు) మొదట్లో రస్ట్ స్ప్రే కొట్టి అరగంట ఆగండి. ఈ అరగంట ఆగలేకే చాలామంది బేరింగ్ పోగొట్టుకుంటారు. డిస్క్ నడిమి గిన్నె (ఉబ్బెత్తు భాగం) మీద స్టడ్ల బెజ్జాలు కాకుండా రెండు చిన్న మర బెజ్జాలు కనిపిస్తే పని సగం అయినట్టే. అవి ఎక్కువగా 8 మిల్లీమీటర్ల బోల్టుకి, 1.25 పిచ్ మరకి ఉంటాయి. ముందు ఆ మరలోని తుప్పు ట్యాప్‌తో (మర కోసే పనిముట్టు) తీసి, రెండు బోల్టులూ చేత్తో హబ్‌కి ఆనేదాకా ఎక్కించండి. ఇక దీనికి అర చుట్టు, దానికి అర చుట్టు. స్పానర్ మరీ బిగుసుకుంటే ఆపి, స్టడ్ల మధ్య గిన్నె మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి మళ్లీ తిప్పండి. ‘టక్’మని ఒక చప్పుడు, సందులోంచి ఎర్రటి పొడి రాలుతుంది. వదిలిందన్నమాట.

మర బెజ్జాలు లేకపోతే క్యాలిపర్ బ్రాకెట్ బిగించే చెవుల్ని వాడుకోవచ్చు. అందులోంచి పొడవాటి బోల్టు, నట్టు పెట్టి డిస్క్ వెనక నుంచి నెట్టాలి. కొంచెం నెట్టి, వదులు చేసి, డిస్క్ తిప్పి, మళ్లీ నెట్టాలి. ఒకేచోట నెడితే డిస్క్ వంగుతుంది కనుక పారేసే డిస్క్‌కే ఈ పద్ధతి. బయటి అంచు మీద పెద్ద సుత్తితో బాదడం, గ్యాస్ మంట పెట్టడం రెండూ వద్దు. ఒకటి బేరింగ్ బాటలో గుంటలు పెడుతుంది, ఇంకొకటి దాని గ్రీజుని, సీలుని కాల్చేస్తుంది.

మారుతి 800 లాంటి వాటిలో

మారుతి 800లో డిస్క్ హబ్‌కి వెనక నుంచి బోల్టులతో బిగించి ఉంటుంది. హబ్ బయటికి రానిదే డిస్క్ రాదు. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న ఓమ్ని ముందు చక్రాల అమరిక వేరు, దీన్ని దానికి అన్వయించకండి. 800లో చక్రాలు నేల మీద ఉండగానే స్ప్లిట్ పిన్ను తీసి, ఒకరు బ్రేకు తొక్కి ఉంటే యాక్సిల్ నట్టు వదులు చేయండి. చక్రం తీశాక స్టడ్లకు స్లైడ్ హ్యామర్ (కడ్డీ మీద జారే బరువుతో లాగే పనిముట్టు) బిగించి లాగాలి. షాఫ్ట్ కొసని ఇనుప సుత్తితో కొడితే మర చితికి నట్టు మళ్లీ ఎక్కదు. బేరింగ్ లోపలి రింగు హబ్‌తో పాటే వచ్చేస్తే ఆ బేరింగ్ తిరిగి వాడకండి, సీలుతో సహా కొత్తది వేయండి. స్ప్లిట్ పిన్ను కూడా కొత్తదే. నట్టు ఆ మోడల్ మాన్యువల్ అంకెకి టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.

కొత్త డిస్కులు వేశాం, కొన్ని వేల కిలోమీటర్లకే అదురు మళ్లీ వచ్చింది

తప్పు ఎక్కువసార్లు డిస్క్‌ది కాదు, తుడవని హబ్‌ది. హబ్ ముఖం మీద 0.05 మిల్లీమీటర్ల తుప్పు పెచ్చు మిగిలితే, అది డిస్క్ అంచుకి వచ్చేసరికి దాదాపు రెట్టింపు ఊపు అవుతుంది. మొదట్లో ఏమీ తెలియదు. కానీ బ్రేకు నొక్కకపోయినా ప్రతి చుట్టులో అదే చోట ప్యాడ్‌కి రాసుకుని, రాసుకుని అక్కడ పలచబడుతుంది. అప్పుడు అదురు మొదలవుతుంది.

హబ్ ముఖాన్ని, నడిమి అంచుని, స్టడ్ల మొదళ్లని వైర్ బ్రష్‌తో, తర్వాత ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దండి. వేలిగోరు అడ్డంగా గీస్తే ఎక్కడా తగలకూడదు. కొత్త డిస్క్‌కి పూసిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. వాషర్లు వేసి నట్లన్నీ బిగించి, అంచుకి 10 మిల్లీమీటర్ల లోపల డయల్ గేజ్ (డిస్క్ ఎంత ఊగుతోందో చూపే గేజ్) పెట్టి తిప్పండి. 0.05 లోపు ఉంటే మంచిది. 0.10 దాటితే డిస్క్‌ని ఒక స్టడ్ పక్కకు జరిపి మళ్లీ చూడండి. క్యాలిపర్ జారే పిన్నులకు సిలికోన్ బ్రేక్ గ్రీజే వాడాలి, మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బిపోతుంది.

కారు కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కనుక మొదటి తొక్కుడుకి బ్రేకు ఉండదు. ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10కి పదిసార్లు మెత్తగా వేగం తగ్గించండి, మధ్యలో చల్లారనివ్వండి, పూర్తిగా ఆపి తొక్కిపట్టకండి. అది అయ్యాకే సింహాచలం ఘాట్ దిగండి. 100 కిలోమీటర్లకి వీల్ నట్ల బిగువు మరోసారి చూడండి.